ఎండలో నిలబడ్డ దేవుడు

"ఓపిక పట్టు, దేవుడున్నాడు." మా ఉద్దానంలో ఈ మాట వినబడని ఇల్లు లేదు. తుపాను పోయిన మర్నాడు పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకుంటున్నవాడికి చెబుతారు. రక్తపరీక్ష కాగితం పట్టుకుని నోట మాట రాక నిలబడ్డవాడికి చెబుతారు. వలస పోయిన కొడుకు దగ్గర్నుంచి ఫోను రాక దిగులుపడే తల్లికి చెబుతారు. మాట మంచిదే. అందులో నిజం ఉందనే నేను నమ్ముతాను. కాకపోతే చెప్పేవాళ్లకు అది ఒక్క మాట. వినేవాళ్లకు ఏళ్ల తరబడి మోయవలసిన బరువు. ఓపిక అంటే ఏమిటో తెలుసుకోవాలంటే చెప్పేవాళ్ల దగ్గర కాదు, మోసేవాళ్ల దగ్గర కూర్చోవాలి.

శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా సముద్రం వెంబడి సాగే నేల ఉద్దానం. పడమట మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతం, మధ్యలో కొబ్బరి, జీడి, పనస. రైల్లో పోయేవాళ్లు కిటికీలోంచి చూసి రెండో కోనసీమ అంటారు. ఆ పచ్చదనం నిజం. ఆ పచ్చదనం నీడలోనే 1990ల నుంచి మూత్రపిండాల జబ్బు ఒక్కో ఊరినీ పట్టుకుంటూ రావడమూ నిజం. ఇక్కడ పెద్దవాళ్లు ఇద్దరు ఎదురుపడితే వానల సంగతి అడిగాక "క్రియాటిన్ ఎంతుంది?" అని, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకెను అడుగుతారు.

ఈ జబ్బు చప్పుడు చేయకుండా వస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు. చాలామందికి అంతకుముందు షుగరూ ఉండదు, బీపీ ఉండదు. పొలం పని చేసుకునే మనిషికి కాస్త నీరసం, కాస్త ఆకలి మందగింపు. పరీక్ష చేయించేసరికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కోసే కూలీలకు ఇలాంటి జబ్బే వచ్చింది. నీళ్లలోని సిలికాను అనుమానించారు. భారలోహాలను, పురుగుమందులను అనుమానించారు. ఎండలో ఒంట్లో నీరంతా ఇంకిపోయేలా చేసే చాకిరీని, నొప్పి మాత్రలను, వంశంలో వచ్చే గుణాన్ని అనుమానించారు. ఏ ఒక్కదాన్నీ ఇదే కారణమని తేల్చి చెప్పలేకపోయారు. శత్రువు ఫలానా అని తెలిస్తే కోపానికైనా ఒక దారి దొరుకుతుంది. కారణం తెలియని బాధ మాత్రం మనిషిని తిన్నగా దేవుడి గుమ్మం ముందుకు తీసుకొచ్చి నిలబెడుతుంది. అక్కడ దండం పెడతాడా, తిడతాడా అన్నది తర్వాతి సంగతి.

మా చిన్నాన్న వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస వస్తాడు. వజ్రపుకొత్తూరు మండలంలో ఆయనది చిన్న ఊరు. పిన్ని తెల్లారకముందే లేచి అన్నం వండి క్యారేజీ కడుతుంది. ఆటోలో ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి అదే పనికి వచ్చేవాళ్లు ఇంకొందరు ఉంటారు. వెళ్లగానే ముందు బరువు చూస్తారు. కిందటిసారికీ ఇప్పటికీ మధ్య ఒంట్లో ఎంత నీరు చేరిందో ఆ బరువే చెబుతుంది. చేరినదంతా మిషను తీయాలి. ఎడమ చేతికి మణికట్టు పైన ఫిస్టులా ఉంది. రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన ఆ చోట చర్మం మెలికలు తిరిగి ఉబ్బి ఉంటుంది. దాని మీద వేలు ఆనిస్తే లోపల సన్నగా గుర్రుమంటున్నట్టు తగులుతుంది. ఆ గుర్రు ఆగిపోయిందంటే ఫిస్టులా మూసుకుపోయిందని అర్థం. అందుకని చిన్నాన్న పొద్దున్న కళ్లు తెరవగానే కుడిచేతి వేళ్లు ఎడమచేతి మీద పెట్టుకుంటాడు. గుర్రు తగిలాక గోడ మీది పటానికి దండం పెడతాడు. ఆ రెండూ వేరు వేరు పనులని నాకు అనిపించదు.

సూదులు రెండు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం బయటికి పోతుంది, రెండోదాంట్లోంచి శుభ్రపడి లోపలికి వస్తుంది. నాలుగు గంటలు. మిషను మీద పంపు తిరుగుతూనే ఉంటుంది. కొందరు నిద్రపోతారు. కొందరు పైకప్పు చూస్తూ పడుకుంటారు. మొన్నటి దాకా పక్క మంచం మీదికి వచ్చిన మనిషి ఇవాళ రాకపోతే ఎందుకు రాలేదని అక్కడ ఎవరూ అడగరు.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కిడ్నీలు పనిచేయనివాళ్లకు పొటాషియం విషంతో సమానం. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది. పనసపండులోనూ ఉంటుంది. జీడిపప్పులో దాంతోపాటు ఫాస్ఫరసూ ఉంటుంది. ఉద్దానం ఏ మూడు పంటలు పండించి దేశానికి పంపుతుందో, ఆ మూడూ ఉద్దానం రోగి నోటికి దూరం. ఉప్పు తగ్గించాలి. అటు నౌపడాలో కనుచూపు మేర ఉప్పు మడులు. నీళ్లు కొలుచుకుని తాగాలి. వైశాఖపు ఎండలో నాలుక పిడచకట్టుకుపోతుంటే గ్లాసులో గీత గీసుకుని, గీత దాటకుండా గుక్కలు లెక్కపెట్టుకోవాలి. గుడిలో తీర్థం ఇచ్చినా చిన్నాన్న నాలుకకు తాకించి మిగిలింది తలకు రాసుకుంటాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి, ఉండి ఉండి 165 దాకా. తెల్లారి చూస్తే తోటల్లోకి అడుగుపెట్టే దారి లేదు. పడిన చెట్టు మీద చెట్టు పడి ఉంది. నిలబడ్డ వాటిలోనూ చాలావాటికి మొవ్వు విరిగిపోయింది. కొబ్బరిచెట్టుకు మొవ్వే ప్రాణం. మట్టలన్నీ ఊడిపోయినా మొవ్వు ఉంటే కోలుకుంటుంది. మొవ్వు పోతే కాండం ఎంత గట్టిగా నిలబడి ఉన్నా అది చచ్చిన చెట్టే. తాతల నాటి చెట్ల మొదళ్ల మధ్య తిరుగుతూ మనుషులు తలెత్తి మొవ్వులు చూసుకోవడం నాకు కళ్లకు కట్టినట్టుంది. ఎవరూ ఏడవలేదు. లెక్క పూర్తయ్యేదాకా ఏడుపు ఆపుకున్నట్టుంది అందరూ.

మరుసటి ఏడు వానలకు చిన్నాన్న మళ్లీ మొక్కలు పాతాడు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. చెట్టు నెలకు ఇంచుమించు ఒక మట్ట వేస్తుంది, అంతకంటే తొందరపడదు. గెల విచ్చుకున్నాక కాయ ముదరడానికి దాదాపు మరో ఏడాది. పొట్టి రకాలు పాతితే తొందరగా కాస్తాయి కదా అంటే వినలేదు. ఈ గాలికి మన నాటు చెట్టే ఆగుతుందన్నాడు. అప్పటికే యాభై దాటిన మనిషి. ఆ మొక్కలు వేళ్లూనుకునే లోపే రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె పెరగడం మొదలైంది.

ఇప్పుడు ఆ తోట కాపుకు వచ్చింది. తొలి గెల దింపిన నాడు ఒక బొండం చెక్కి నా చేతికిచ్చి, నేను తాగుతుంటే పక్కన నిలబడి చూశాడు.

"తియ్యగున్నాయా బాబూ?"

"ఉన్నాయి చిన్నాన్నా."

"మన నేల నీరు అలగే ఉంటాది."

అంతే అన్నాడు. ముఖంలో దిగులు వెతికాను. కనబడింది సంతోషమే. ఆయన తాగలేని నీళ్లు తియ్యగా ఉన్నాయని ఆయనకు నిజంగానే సంతోషం. అన్నేళ్ల తర్వాత ఎలా ఉంటుందో తెలియకుండానే ఎందుకు పాతావని ఆ రోజే అడిగాను. "గోతులు ఖాళీగుంటే ఏటి బాగుంటాది?" అన్నాడు.

దేవుడి మీద నమ్మకం గురించి నేను చాలా ప్రవచనాలు విన్నాను. మంచి వక్తలనే విన్నాను. వాళ్లలో చాలామంది నమ్మకాన్ని ఒక హామీగా చెబుతారు. ఓపిక పడితే ఫలానాది దొరుకుతుంది, ఆలస్యమైనా ఇంతకింత దొరుకుతుంది అని. చిన్నాన్న దగ్గర అలాంటి హామీ పత్రం ఏదీ లేదు. ఆయన గొయ్యి తవ్వి మొక్క పెట్టింది తన వాటా అడగకుండా. నా లెక్కలో అంతకు మించిన విశ్వాసం లేదు.

అలాగని ఆయన శాంతమూర్తి అనుకోకండి. డయాలసిస్ అయిన సాయంత్రం ఒళ్లు హూనమై, కాళ్లు పట్టేసి, విసుగు ముంచుకొస్తే పటం వైపు చెయ్యి చూపించి గట్టిగా తిడతాడు. ఒకసారి అడిగాను, దేవుడంటే అంత కోపమైతే పొద్దున్నే దండం ఎందుకని. "కోపం సొంతోడు మీదే కదా వస్తాది. దార్న పోయేవోడి మీద నాకు కోపమేటి?" అన్నాడు. పిన్ని లోపల్నుంచి అందుకుంది. "నమ్మకం అంటే ఏటో నాకు తెలీదు బాబూ. పొద్దున్న లెగిసి అన్నం వండీసి ఆటో ఎక్కించాల. అది మానీస్తే అప్పుడు నమ్మకం పోయినట్టు." ఆ మాట ఆమె చేతులు చూస్తూ విన్నాను. ఆవిడ పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడిపప్పు పనికి పోతుంది. కాల్చి పగలగొట్టిన పిక్కల్లోంచి వచ్చిన పప్పుకు పైపొర వలిచే పని. వేలి కొసలు నల్లబడి, అక్కడక్కడా చర్మం లేచి ఉంటాయి. చిన్నాన్నతో ఆసుపత్రికి వచ్చిన రోజు ఆమెకు కూలి లేదు.

ఇలాంటి ఇంటికి వెళ్లి "అంతా పూర్వజన్మ కర్మ" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కర్మ సిద్ధాంతం మీద నాకు గౌరవం ఉంది. అది నా కష్టానికి నేను చెప్పుకోవలసిన మాట. ఎదుటివాడి మంచం పక్కన నిలబడి చెప్పవలసిన మాట కాదు. "దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడు" అన్నదీ అంతే. టెక్కలి, సోంపేట వైపు కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నుంచి క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు యోబు కథ బాగా తెలుసు. ఆస్తి పోయి, బిడ్డలు పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చుంటారు. ఆ ఏడు రోజులూ వాళ్లు చాలా గొప్పవాళ్లు. నోరు తెరిచి, నీవు ఏదో తప్పు చేసే ఉంటావని వాదన మొదలుపెట్టాకే చెడిపోయారు. కథ చివర దేవుడి కోపం వచ్చి పడింది తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. ఏ మతం వాళ్లయినా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే రోగుల ఇళ్లలో కొంత శాంతి ఉంటుంది.

దేవుణ్ని నిలదీసే ఆ ధైర్యం మనవాళ్లకూ ఉంది. భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడు మొసలితో పోరాడింది ఒక పూట కాదు, వెయ్యేళ్లు. బలం ఉడిగాక మొరపెట్టుకుంటాడు. ఆ మొరలోనే, దీనుల పాలిట ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా అన్న సందేహం కూడా పోతన గారు పెట్టారు. నాకు ఆ ఘట్టంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఆ సందేహం విన్నాక కూడా విష్ణువు వచ్చాడు. నన్ను అనుమానించావు కనుక రానని అనలేదు. డయాలసిస్ మంచం మీద పడుకుని "ఉన్నాడంటావా?" అని అడిగే మనిషి భక్తి తగ్గినవాడేమీ కాదు. లోపల ఉన్న మాటే పైకి అన్నాడు.

అదే స్కంధంలో క్షీరసాగర మథనం ఉంది. కూర్మావతారానికి గుడి కట్టుకున్న జిల్లా మాది, శ్రీకూర్మం. చిన్నప్పటి నుంచి దర్శనం చేసుకుంటూనే ఉన్నా, ఆ అవతారం చేసిన పనేమిటో నాకు ఈ మధ్యే మనసుకు పట్టింది. అమృతం కోసం చిలికితే ముందు వచ్చింది హాలాహలం. అది అందరూ చెబుతారు. తాబేలు సంగతి తక్కువ మంది చెబుతారు. కొండ మునిగిపోతుంటే నీళ్ల అడుగుకు పోయి వీపు ఆనించింది. పైన దేవతలూ రాక్షసులూ తాడు లాగుతున్నారు, అరుస్తున్నారు, విషం వస్తే పారిపోతున్నారు. అడుగున ఒకడు కొండను మోస్తున్నాడు. చిలుకుతున్నంత సేపూ పైవాళ్లకు కనబడేది తాడూ కొండా నురగా మాత్రమే. బతుకు బరువుగా, నెమ్మదిగా సాగే కాలంలో దేవుడు ఎక్కడున్నాడని అడిగితే నేను పైకి చూపించలేను. అడుగున ఉన్నాడని మాత్రం చెప్పగలను. కొండ ఇంకా మునగలేదు కనుక.

ఇక రావివలస. టెక్కలి మండలంలో ఉంది ఆ ఊరు. అక్కడి శివుణ్ని ఎండల మల్లికార్జునుడంటారు. నిలువెత్తు మనిషి తలెత్తి చూడవలసినంత పెద్ద లింగం. పైన కప్పు లేదు. ఎండకు ఎండుతాడు, వానకు తడుస్తాడు. తుపాను వస్తే తుపానులోనే ఉంటాడు. గుడి కట్టబోతే స్వామి కలలో కనబడి వద్దన్నాడని పెద్దలు చెప్పుకుంటారు. కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి జనం విరగబడతారు. అక్కడి స్థలపురాణం మాకు మరీ దగ్గరిది. రామాయణంలో వానర వైద్యుడు సుషేణుడు ఉన్నాడు కదా, లక్ష్మణుడు మూర్ఛపోతే ఏ మూలిక తేవాలో చెప్పినవాడు. యుద్ధం ముగిశాక ఆయన ఇక్కడికే వచ్చి తపస్సు చేసి, ఇక్కడే దేహం విడిచాడట. ఆ చోటే లింగం వెలసిందంటారు. ఆ గాలి సోకితే రోగాలు పోతాయని నమ్మకం.

ఒక వైద్యుడి జ్ఞాపకం మీద వెలసిన దేవుడు, వైద్యానికి అంతుచిక్కని జబ్బున్న నేల పక్కన, నీడ లేకుండా నిలబడి ఉన్నాడు. ఇందులో ఏదో సంకేతం ఉందని నేను అనను. నాకు తోచింది మాత్రం చెబుతాను. బాధ లేని చోట కూర్చుని బాధపడేవాళ్లకు ఓపిక బోధించే దేవుడు నాకు అక్కర్లేదు. ఈ దేవుడు అలాంటివాడు కాదు. 2018 అక్టోబరులో మా తోటలు కూలిన రాత్రి ఆయన నెత్తిన కూడా ఏ అడ్డూ లేదు. చిన్నాన్న అక్కడికి వెళ్లినప్పుడు జబ్బు తగ్గించమని అడుగుతాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఎండ కదా అని తలకు తువ్వాలు చుట్టుకోమంటే మాత్రం ఒప్పుకోడు. ఆయనకు లేనిది నాకెందుకంటాడు.

ఇంతవరకు చెప్పినది ఒక వైపు. రెండో వైపు చెప్పకపోతే ఈ వ్యాసం ఉద్దానానికి ద్రోహం చేసినట్టే అవుతుంది. ఓపిక వేరు, నోరు మూసుకోవడం వేరు. కొబ్బరి కాపు కోసం ఆగక తప్పదు. తాగే నీటి కోసం ఆగవలసిన అవసరం ఎవరికీ లేదు. దేవుడు ఇవ్వవలసిన వాటికీ, మనుషులు ఇవ్వవలసిన వాటికీ తేడా మా వాళ్లకు తెలుసు. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు పెడతామంటే అక్కడివాళ్లు గుళ్లలో పూజలు చేస్తూనే రోడ్డు మీదికి వచ్చారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి దీక్షా శిబిరంలో వంతులవారీగా కూర్చున్నారు. ప్లాంటు రాలేదు. ఓపిక అనే మాటకు నేను చూసిన గొప్ప ఉదాహరణల్లో అది ఒకటి. అందులో ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు.

కిడ్నీ రోగుల విషయమూ అంతే. అడగగా అడగగా డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు రూ. 10,000 పింఛను వచ్చింది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను ఉద్దానం ఊళ్లకు తెచ్చే రూ. 700 కోట్ల పథకం కూడా ఆ రోజే మొదలైంది. మొదటి కేసులు బయటపడ్డ కాలం నుంచి లెక్కేస్తే ఒక తరం గడిచిపోయింది. ఈ ఆలస్యాన్ని దైవలీల అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇది మనుషులు చేసిన ఆలస్యం.

2025 నవంబరు 1, కార్తీక ఏకాదశి శనివారం, కాశీబుగ్గ వేంకటేశ్వరుడి గుడిలో తొక్కిసలాట జరిగింది. తొమ్మిది మంది పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు. కష్టాలు చెప్పుకోవడానికి దేవుడి దగ్గరికే వచ్చినవాళ్లు. ఆ వారమంతా పలాసలో ఏ ఇంట చూసినా ఒకటే ప్రశ్న, దేవుడి గుమ్మంలోనే ఇలా ఎందుకు జరిగిందని. నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. క్యూలో కట్టిన రెయిలింగు ఎంతమందిని ఆపగలదో చూడవలసినది మనుషులు. లోపలికి వచ్చే దారీ, బయటికి పోయే దారీ సరిచూడవలసినది మనుషులు. ఆ పని చేయకుండా, పోయినవాళ్లు ఏకాదశి నాడు పోయారు కనుక పుణ్యాత్ములని చెప్పుకుని తృప్తిపడితే, దేవుడి పేరు మీద మన బాధ్యత దులిపేసుకున్నట్టే.

నమ్మకం ఎలాంటి పనిగా మారాలో ఈ నేల మీదే ఒకరు చూపించి వెళ్లారు. సోంపేట ఆరోగ్యవరం మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ దశాబ్దాల పాటు పల్లెవాళ్ల కళ్లకు ఆపరేషన్లు చేశారు. ఆ పనికి సాయం చేద్దామని 1963లో కెనడాలో మొదలైన ప్రయత్నమే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ. తర్వాత అది ఎన్నో దేశాల్లో కంటి వైద్యానికి ఆసరా అయింది. మొదటి రోజున ఆయన ముందు ఉన్నది ఒక రోగి, ఒక కన్ను. అంతకు మించి ఎవరికీ కనబడి ఉండదు. ఆయన మతం ఏదైనా, ఆ ఓపికకు నేను మొక్కుతాను.

నేను కూడా ప్రార్థన చేస్తాను. చిన్నాన్న జబ్బు నయం చేయమని అడుగుతాను. అడగడం మానలేదు, మానను. దాంతోపాటు ఇంకొకటి అడుగుతున్నాను. ఆయన పక్కన కూర్చున్నప్పుడు నా నోట అనవసరపు మాట రాకుండా చూడమని. ఆటో టైముకి రావాలని. రెండు సూదులూ ఒకేసారికి దిగాలని. పిన్ని మోకాళ్లు ఇంకొన్నాళ్లు పనిచేయాలని. ఇంత చిన్నవి దేవుణ్ని అడుగుతారా అని నవ్వే పెద్దలు ఉన్నారు. బరువైన రోజులు గడిచేది ఇలాంటి చిన్న వాటితోనే. పదేళ్ల ఓపిక ఎవరికీ ఒక్కసారి ఇవ్వరు. మంగళవారానికి కావలసినంత మంగళవారం దొరుకుతుంది. గురువారానిది గురువారం వెతుక్కోవాలి.

కార్తీకంలో రావివలస వెళ్లేవాళ్లకు, ఏ చర్చికో మసీదుకో వెళ్లేవాళ్లకు కూడా, నాదొక మనవి. మీ వీధిలో డయాలసిస్‌కి పోయే మనిషి ఉంటే ఓపిక పట్టమని చెప్పి రాకండి. ఒక్క విడత ఆ ఇంటి ఆడమనిషికి బదులు మీరు తోడు వెళ్లండి. నాలుగు గంటలు ఆ మంచం పక్కన కూర్చోండి, మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఆమెకు ఆ రోజు కూలి మిగులుతుంది. మీరూ ఉద్దానంవాళ్లే అయితే, ఒంట్లో ఏమీ లేకపోయినా ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, ఇంట్లోవాళ్లకూ చేయించండి. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు మింగకండి. జబ్బు ముందుగా దొరికితే డయాలసిస్ రోజును వెనక్కి నెట్టవచ్చు.